మురుగు కాలువే లేని వాడకు మలేరియా ఎలా వచ్చింది? అసలు ఏ దోమ తెస్తుంది?

లక్నవరం_గట్టు
మా అన్న కొడుకు మలేరియాతో మంచం పట్టాడు. మొదట టైఫాయిడ్ అనుకుని మందులు వాడారు. చలి, వణుకు, ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగని పళ్ల కటకట, ఆ తర్వాత ఒళ్లంతా చెమట. చివరికి రక్తపూత తీస్తే ఫాల్సిపారం రకం మలేరియా అని తేలింది. సరైన మందు పడింది, పిల్లవాడు లేచి తిరుగుతున్నాడు. ఇప్పుడు నా బాధ వేరు. ఊళ్లో నలుగురూ మా వదిననే అంటున్నారు, ఇల్లు శుభ్రంగా ఉంచుకోకపోవడం వల్లే దోమలు చేరాయని. ఆమె వాకిలి అద్దంలా ఉంటుంది. మా వాడలో మురుగు కాలువ లేదు, చెత్తకుప్ప లేదు. కేసు బయటపడగానే పొగ బండి వచ్చి బస్టాండు దగ్గరి మురుగు కాలువ మీద పొగ వదిలి వెళ్లిపోయింది. మా ఇల్లు ఊరి చివర, వాగు ఒడ్డున. మలేరియా మోసే దోమ అసలు ఎక్కడ పుడుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి, వదినకు చదివి వినిపించాలి.

కాజీపేట_జంక్షన్
దోమ అంటే దోమే. నీళ్లు నిలిస్తే పుడుతుంది. ఇంటి చుట్టూ పారబోసే నీళ్లు చూసుకోండి.

హన్మకొండ_అమ్మ
మా ఇంటి ముందు కాలువ నిండా దోమలే. సాయంత్రం తలుపు తెరిస్తే లోపలికి గుంపుగా వచ్చేస్తాయి. అయినా మా వీధిలో మలేరియా వచ్చిన ఇల్లు ఒక్కటీ నాకు గుర్తు లేదు. డెంగీ మాత్రం వానాకాలం వస్తే ఎవరో ఒకరికి ఉంటుంది. ఇదెలా?

జీవశాస్త్రం_సార్
కాజీపేట గారూ, అలా ఒక్క గాటన కట్టబట్టే పొగ బండి బస్టాండుకు వెళ్లింది.

అమ్మగారి ప్రశ్నలోనే జవాబు ఉంది. మీ కాలువలో పెరిగేది క్యూలెక్స్. దానికి మురుగంటే ఇష్టం, బోదకాలు తెచ్చేది అదే. డెంగీ తెచ్చేది ఏడిస్. నల్లటి ఒంటి మీద తెల్ల చారలుంటాయి, పగలు కుడుతుంది, పాత టైరులో, పూలకుండీ కింది పళ్లెంలో పెరుగుతుంది. మలేరియా ఈ రెండింటి వల్లా రాదు. మనుషులకు మలేరియా అంటించేది అనాఫిలిస్ ఒక్కటే, అందులోనూ ఆడ దోమే. మగది పూల తేనె తాగి బతుకుతుంది.

ప్రపంచంలో అనాఫిలిస్ జాతులు 400కు పైగా ఉన్నాయి. వాటిలో మనిషికి నిజంగా ముప్పు తెచ్చేవి 30, 40 మాత్రమే. మన దేశంలో ముఖ్యమైనవిగా లెక్కించేవి ఆరు: క్యూలిసిఫేసిస్, స్టెఫెన్సై, ఫ్లూవియాటిలిస్, మినిమస్, బైమాయి, సుందైకస్. ఒక్కోదానికి ఒక్కో నీరు. సుందైకస్‌కు సముద్రపు ఒడ్డున ఉప్పు కలిసిన నీళ్లు కావాలి, మన దేశంలో అండమాన్ నికోబార్ దాని చోటు. మినిమస్, బైమాయి ఈశాన్య రాష్ట్రాలవి.

మన పల్లెల్లో చూడవలసింది క్యూలిసిఫేసిస్‌ను. దేశంలో గ్రామీణ మలేరియాలో సుమారు మూడింట రెండు వంతులు దీని ద్వారానే వ్యాపిస్తుంది. ఇది పుట్టేది ఎండ తగిలే తేట నీళ్లలో. వాగు పారడం ఆగిపోయాక ఇసుకలో మిగిలే మడుగులు, చెలమలు, పంట కాలువలు, కొత్తగా నాటు వేసిన మళ్లు. మీ వదిన గారి వాకిలికీ ఈ దోమకూ ఏ సంబంధమూ లేదు. ఈ మాట ఆమెకు తప్పకుండా చెప్పండి.

లక్నవరం_గట్టు
చదివి వినిపించాను సార్. రెండుసార్లు చదవమంది. పక్కింటావిడను కూడా పిలిచి వినమంది.

చెలమ అన్నారు కదా, మా వాగు ఇప్పుడు పారడం లేదు. ఇసుకలో మడుగులు మాత్రం వరుసగా ఉన్నాయి. అడుగున రాళ్లు కనిపించేంత తేట నీళ్లు.

ల్యాబ్_కిటికీ
మడుగులో ఏ దోమ ఉందో మీరే చూడవచ్చు. తెల్లటి గిన్నెతో అంచు దగ్గర మెల్లగా ముంచి, నీడ పడకుండా కాసేపు కదలకుండా పట్టుకోండి. లార్వాలు, అంటే దోమ పిల్లలు, నీటి మట్టానికి అంటుకుని, అగ్గిపుల్ల తేలినట్టు అడ్డంగా పడుకుని ఉంటే అనాఫిలిస్. తల కిందికి వేలాడేసి, తోక చివరి గొట్టాన్ని పైకి పెట్టి ఉంటే క్యూలెక్స్ లేదా ఏడిస్. అనాఫిలిస్ లార్వాకు ఆ గొట్టం ఉండదు, అందుకే గాలి కోసం ఒళ్లంతా పైకి ఆనించి పడుకుంటుంది. గిన్నె కదిలిస్తే వెనక్కి వెనక్కి జరుగుతుంది.

పెద్ద దోమనూ పోల్చవచ్చు. గోడ మీద వాలినప్పుడు క్యూలెక్స్ గోడకు సమాంతరంగా కూర్చుంటుంది. అనాఫిలిస్ తల వంచి వెనక భాగం పైకి లేపి ఏటవాలుగా కూర్చుంటుంది. రెక్కల మీద నలుపు తెలుపు మచ్చలుంటాయి.

బేగంపేట_పాతిల్లు
ఆ మచ్చల రెక్కల దోమ కథలో మనకూ వాటా ఉంది. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో ఆ దోమ కడుపులోనే మలేరియా క్రిమిని చూశాడు. అంతకుముందు అతను కోసి చూసినవన్నీ వేరే రకాల దోమలు, ఎన్ని చూసినా ఏమీ దొరకలేదు. రకం మారాకే దొరికింది. 1902లో నోబెల్ వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు. మన గడ్డ మీద ఇది తేలి ఇంత కాలమైనా, ఇప్పటికీ మురుగు కాలువకే పొగ పెడుతున్నామంటే కష్టంగా ఉంది.

నర్సంపేట_మిర్చి
సార్, కొత్తగా నాటిన మడి అన్నారు. వరి మానేయమంటారా? యాసంగి నాట్లు ఇప్పుడే అయ్యాయి. దోమకు భయపడి పొలం బీడు పెట్టలేం.

జీవశాస్త్రం_సార్
మానేయమని ఎవరంటారు అన్నా. నారు పొట్టిగా ఉండి నీటికి ఎండ తగిలినన్నాళ్లే ఆ దోమకు అనువు. పైరు ఏపుగా పెరిగి నీడ కమ్మితే దానికి నచ్చదు, తగ్గిపోతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులైనా పడుతుంది. ఆ లోపు ఒకసారి మడి ఆరితే లార్వాలు చస్తాయి.

నర్సంపేట_మిర్చి
ఆరుతడి పెడితే నీళ్లు మిగులుతాయని వ్యవసాయ శాఖ వాళ్లు చెబుతుంటారు. దోమకు కూడా పనికొస్తుందని మాత్రం ఇప్పుడే వింటున్నాను. ఇది ముందే చెప్పి ఉంటే ఇంకా నలుగురు పాటించేవాళ్లు.

కాజీపేట_జంక్షన్
అలాగైతే వానలు తక్కువ పడిన ఏడు మలేరియా ఉండకూడదు కదా. నీళ్లే లేనప్పుడు దోమ ఎక్కడిది?

పాకాల_పడవ
తిరగబడిన ఉదాహరణ ఒకటుంది. శ్రీలంకలో 1934లో వానలు పడక నదులు ఎండిపోయి మడుగులుగా మిగిలాయి. పారే నీళ్లలో కొట్టుకుపోవలసిన క్యూలిసిఫేసిస్ లార్వాలు ఆ మడుగుల్లో విపరీతంగా పెరిగాయి. 1934, 35లలో వచ్చిన ఆ మహమ్మారిలో దాదాపు 80 వేల మంది చనిపోయారు. అంటే నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎలా ఉన్నాయన్నది ముఖ్యం. నిండుగా పారే వాగు కంటే ఆగిపోయిన వాగు ప్రమాదం.

అక్కడి రెండో పాఠం కూడా చెప్పాలి. డీడీటీ అనే దోమల మందుతో తగ్గించుకుంటూ వచ్చి 1963 నాటికి దేశం మొత్తం మీద 17 కేసులకు తెచ్చారు. ఇక అయిపోయిందని చేతులు దులుపుకున్నారు. 1960ల చివరికి మళ్లీ లక్షల్లోకి వెళ్లింది. పట్టు వదలకుండా చేస్తే 2012 తర్వాత స్థానికంగా కేసు లేకుండా పోయింది, 2016లో మలేరియా లేని దేశంగా గుర్తింపు వచ్చింది. మన దగ్గరా 1960ల మొదట్లో లక్ష లోపుకు దిగి, 1976లో 64 లక్షల కేసులు నమోదయ్యాయి.

కాజీపేట_జంక్షన్
17 నుంచి లక్షలకా! ఇది తెలియదు. సరే, వాగు సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ పొగ బండి అసలు దండగ అంటే మాత్రం ఒప్పుకోను. పొగ పెట్టిన రాత్రి హాయిగా నిద్ర పడుతుంది.

తాడ్వాయి_ఆశ
ఆ ఒక్క రాత్రే పడుతుంది అన్నా. పొగ ఆ గంటలో గాలిలో ఎగిరే దోమను చంపుతుంది. మలేరియా దోమ పగలంతా ఇంటి లోపల గోడ మీద, చూరు కింద, పశువుల కొట్టంలో చీకటి మూలన కూర్చుంటుంది. అందుకే ఏజెన్సీలో గోడలకు మందు పిచికారీ చేయిస్తాం. రక్తం తాగి బరువెక్కిన దోమ ఆ గోడ మీద వాలి చస్తుంది.

ఇక్కడ మాకు వచ్చే కష్టం చెబుతాను. పిచికారీ చేసి వెళ్లగానే పండగ వస్తుంది, లేదా ఇంట్లో శుభకార్యం ఉంటుంది. గోడలకు కొత్తగా మట్టి అలుకుతారు, సున్నం వేస్తారు. మందంతా ఆ పూత కింద పడిపోతుంది. వాళ్ల తప్పు కాదు, మట్టి గోడ అలక్కపోతే నెర్రెలిస్తుంది. అందుకే నేను పిచికారీ తేదీ ముందే చెప్పి, అలికే పని ఉంటే అంతకుముందే కానివ్వమంటాను. కొందరు దేవుడి గదిలోకి, ధాన్యం గదిలోకి రానివ్వరు. దోమ మాత్రం సరిగ్గా అక్కడే కూర్చుంటుంది.

లక్నవరం అన్నా, ఒకటి అడుగుతాను. పిల్లవాడు జ్వరానికి ముందు రాత్రిపూట బయట ఎక్కడైనా పడుకున్నాడా?

లక్నవరం_గట్టు
పడుకున్నాడు అక్కా. మిర్చి ఆరబోసిన కల్లం దగ్గర కాపలాకు తాతతో కలిసి కొన్ని రాత్రులు పడుకున్నాడు. కల్లం వాగుకు ఆనుకునే ఉంటుంది. అది జరిగి రెండు వారాలు దాటింది కాబట్టి మేం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

తాడ్వాయి_ఆశ
అదే అయి ఉంటుంది. ఫాల్సిపారం అయితే కుట్టిన తర్వాత తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులకు జ్వరం మొదలవుతుంది. నిన్న కుట్టిన దోమను వెతకకూడదు, రెండు వారాల కింద ఎక్కడ పడుకున్నారో అడగాలి. తాతకు కూడా పరీక్ష చేయించండి.

చిట్యాల_చెరువు
మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు కదా. వాళ్లే తెస్తున్నారు ఈ రోగాన్ని. వాళ్లను రానివ్వకుండా ఉంటే సరిపోతుంది.

తాడ్వాయి_ఆశ
ఈ మాట నాకు నచ్చలేదు. వాళ్లు రాకపోతే మీ మిర్చి చెట్టు మీదే ఎండుతుంది. వాళ్లు పడుకునేది చేను గట్టు మీద, పైన ఒక పట్టా, చుట్టూ గోడ లేదు, చంకలో చంటిపిల్లలు. మనకంటే ముందు దోమ కుట్టేది వాళ్లనే. అడవి గూడేల్లో పెరిగిన కొందరికి ఒంట్లో క్రిమి ఉన్నా జ్వరం కనిపించదు, కాబట్టి వాళ్లకూ తెలియదు. చేయవలసింది ఒక్కటే. దిగిన రోజే వేలికి సూది గుచ్చి కిట్టుతో పరీక్ష చేయడం, ఉంటే మందు ఇవ్వడం, పడుకోవడానికి దోమతెరలు ఇవ్వడం. పావుగంటలో ఫలితం తెలుస్తుంది. కూలీలు వచ్చారని రైతు ఒక్క ఫోను చేస్తే చాలు, మేమే చేను దగ్గరికి వెళ్తాం.

నర్సంపేట_మిర్చి
ఆశ అక్క మాటే నా మాట. మా కూలీలకు ఈసారి తెరలు నేనే కొనిస్తాను. బస్తా మిర్చి ధరలో అదెంత?

జీవశాస్త్రం_సార్
దీనికి శాస్త్రం వైపు నుంచి ఒక మాట. దోమ పుట్టుకతో మలేరియా తేదు. రోగి రక్తం తాగాక ఆ క్రిమి దోమ ఒంట్లో ఎదిగి లాలాజలానికి చేరడానికి సుమారు పది, పన్నెండు రోజులు పడుతుంది. అన్నాళ్లు బతికిన దోమే ప్రమాదం. రోగిని తొందరగా గుర్తించి మందు వేస్తే దోమకు క్రిమి దొరకదు. గోడకు మందు ఉంటే దోమ అన్నాళ్లు బతకదు. రెండు వైపుల నుంచీ నరుక్కుంటూ రావాలి.

మల్లంపల్లి_కొట్టం
మా నాన్న చెప్పేవారు, కొట్టంలో పశువులుంటే దోమ వాటి మీదికే పోతుంది, మన జోలికి రాదని. ఇప్పుడు అందరూ ట్రాక్టర్లు కొని పశువులు అమ్మేశారు, అందుకే మనుషుల్ని కుడుతున్నాయి.

జీవశాస్త్రం_సార్
మీ నాన్నగారి మాటలో నిజం ఉంది. క్యూలిసిఫేసిస్‌కు మనిషి కంటే పశువు రక్తమే ఇష్టం. సంఖ్యలో చాలా ఎక్కువగా ఉండటం వల్లే అది మనకు ముప్పు. కానీ మనం పడుకునే గోడకు ఆనుకునే కొట్టం ఉంటే, పశువు కోసం వచ్చిన దోమ ఇంట్లోకీ వస్తుంది. పశువుల్ని ఇంటికి కొంత ఎడంగా కట్టడం, కొట్టానికీ పిచికారీ చేయించడం మేలు.

ఫ్లూవియాటిలిస్ సంగతి వేరు. గుట్టల దిగువన మెల్లగా పారే వాగుల గడ్డి అంచుల్లో పెరుగుతుంది. దాని ఉపజాతుల్లో ఒకటి మనిషి రక్తాన్నే ఎక్కువగా కోరుకుంటుంది, అది కొద్ది సంఖ్యలో ఉన్నా చాలు.

భూపాలపల్లి_షిఫ్టు
మా తమ్ముడు త్రిపురలో డ్యూటీ చేశాడు. అక్కడ ఇంట్లో పిచికారీ చేసినా సగమే పనిచేస్తుందట, దోమ అడవిలోనే కుట్టి అడవిలోనే ఉండిపోతుందట. నిజమేనా?

జీవశాస్త్రం_సార్
నిజమే, అది బైమాయి. దాని దగ్గరి బంధువు డైరస్ థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం అడవుల్లో ఉంటుంది. చెట్ల నీడలోని చిన్న చిన్న గుంటలు, ఏనుగు అడుగు పడిన చోట నిలిచిన నీళ్లు కూడా దానికి చాలు. ఇంటి గోడ మీద కూర్చునే అలవాటు తక్కువ. అందుకే అక్కడ దోమతెర, ఒంటికి రాసుకునే మందు ముఖ్యం. జాతి మారితే ఆయుధం మారాలి.

కోరుట్ల_టు_మలేషియా
నేనుండే చోట, మలేషియాలోని సబా తోటల్లో, కోతి మలేరియా అంటారు. నోలెసై అనే క్రిమి. అడవి కోతుల నుంచి బలబాసెన్సిస్ అనే అనాఫిలిస్ దోమ ద్వారా మనుషులకు వస్తుంది. మనుషుల మధ్య తిరిగే మలేరియాను ఈ దేశం 2018 నుంచి ఆపగలిగింది, ఈ కోతి మలేరియా మాత్రం వదలడం లేదు.

హన్మకొండ_అమ్మ
అయ్యో, మా మేడ మీద రోజూ కోతులే! పెరుగు గిన్నెలు, ఆరబెట్టిన వడియాలు అన్నీ వాటికే. ఇప్పుడు మలేరియా భయం కూడానా?

జీవశాస్త్రం_సార్
వడియాలకే భయపడండి అమ్మా. ఆ క్రిమి ఉండేది పొడవు తోక కోతుల్లో, పంది తోక కోతుల్లో. అవి ఆగ్నేయాసియా వైపువి. మన ఓరుగల్లు కోతులు వేరు, బలబాసెన్సిస్ దోమా మన దగ్గర లేదు.

వడ్డేపల్లి_మేడ
పట్నంలో ఉన్నవాళ్లం తప్పించుకున్నట్టేనా?

ల్యాబ్_కిటికీ
కాదు. పట్టణాల దోమ స్టెఫెన్సై. మేడ మీది ట్యాంకు, సంపు, పాత బావి, కట్టుబడి జరిగే చోట క్యూరింగ్ కోసం నిలిపిన నీళ్లు దాని చోట్లు. మనం తాగే నీళ్లంత శుభ్రమైన నీళ్లే. ట్యాంకు మూత పగిలితే వెంటనే మార్చండి, గాలి గొట్టానికి సన్నని జాలీ కట్టండి.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆసియాకు చెందిన ఈ దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూతీలో కనిపించింది. ఆ ఏడు అక్కడ మలేరియా కేసులు 27. 2020కి 73 వేలు దాటాయి. నీళ్ల డ్రమ్ములూ ట్యాంకులూ ఉన్న ప్రతి నగరమూ దానికి ఇల్లే.

వడ్డేపల్లి_మేడ
ఇప్పుడే పైకెక్కి చూశాను. మూత ఉంది కానీ పైపు దూరే చోట చేయి పట్టేంత సందు. రేపు ప్లంబర్‌ను పిలుస్తున్నాను. పక్క మేడ వాళ్లకు మూతే లేదు, వాళ్లకు కూడా చెప్పాలి.

గోదారి_రేవు
మా మామయ్యకు వైవాక్స్ రకం మలేరియా వచ్చి తగ్గింది. కొన్ని నెలలకు మళ్లీ వచ్చింది. మళ్లీ దోమ కుట్టినట్టేనా?

ల్యాబ్_కిటికీ
కుట్టకపోయినా రావచ్చు. వైవాక్స్ క్రిమి కాలేయంలో దాక్కుని నిద్రపోతుంది, వారాలకో నెలలకో లేస్తుంది. మూడు రోజుల క్లోరోక్విన్ రక్తంలో ఉన్నదాన్నే చంపుతుంది. కాలేయంలోని దానికి ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. జ్వరం తగ్గగానే చాలామంది మానేస్తారు, అక్కడే దెబ్బతింటారు. అయితే ఇది డాక్టరు రాసిస్తేనే వాడాలి. గర్భిణులకు ఇవ్వరు, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. ఫాల్సిపారానికి మందులే వేరు. అందుకే ఏ రకమో తేలకుండా సొంతంగా మాత్రలు మింగకండి.

లక్నవరం_గట్టు
తాతకు పరీక్ష చేయించాం, ఏమీ లేదు. ల్యాబ్ గారు చెప్పినట్టు గిన్నెతో ముంచి చూశాం. లార్వాలు అడ్డంగా పడుకునే ఉన్నాయి, ముట్టుకోగానే వెనక్కి జారుతున్నాయి. పిల్లలంతా మూగి చూశారు. వదిన స్వయంగా వచ్చి చూసి, తనను మాటలన్న పెద్దావిడకు ఆ గిన్నె చూపించింది. పంచాయతీలో మాట్లాడితే మడుగులు పూడ్చడానికి ఒప్పుకున్నారు. పెద్ద మడుగు ఒకటుంది, పూడ్చడం కుదరదు. గంబూసియా చేపలు వేయమంటున్నారు.

పాకాల_పడవ
మేం చేపలు పట్టి బతికేవాళ్లం, ఒక విన్నపం. గంబూసియా మన చేప కాదు, బయటి నుంచి తెచ్చింది. లార్వాలతో పాటు మన చేపల గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంది. పాడుబడ్డ బావిలోనో, బయటికి దారి లేని తొట్టిలోనో వేయండి. వాగులో వేస్తే వానలకు చెరువులోకి చేరుతుంది. ఆ మడుగుకు చిన్న గండి కొట్టి నీరు కదిలేలా చేస్తే సరిపోతుంది కదా.

లక్నవరం_గట్టు
ఇది మాకు తట్టలేదు. చేపలు వద్దని చెప్పి గండి కొట్టిద్దాం. తాగే నీళ్ల చెలమను ఏం చేయాలి?

తాడ్వాయి_ఆశ
రోజూ పొద్దున నీళ్లు మొత్తం తోడేసి కొత్తగా ఊరనివ్వండి, పైన మూత వేయండి. వాడని చెలమలు ఇసుకతో కప్పేయండి.

నర్సంపేట_మిర్చి
అక్కా, మందు పట్టించిన తెరలు తెచ్చాను. ఉతకవచ్చా?

తాడ్వాయి_ఆశ
కొత్త తెరను ముందు ఒక రోజు నీడలో ఆరేసి వాడండి. మాసినప్పుడు మామూలు సబ్బుతో మెల్లగా ఉతకండి, బండకేసి బాదవద్దు, ఎండలో ఆరేయవద్దు. సుమారు ఇరవై ఉతుకుల వరకు, మూడేళ్ల దాకా పనిచేస్తుంది. చేపలు పట్టడానికి మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఉతికిన నీళ్లు కూడా వాగులో, చెరువులో పారబోయవద్దు, చేపలు చస్తాయి. దూరంగా మట్టిలో పోయండి.